బీటీ మొక్కజొన్నకు పురుగు లొంగకపోతే: తప్పు ఏ లెక్కలో ఉంది?

మొక్కజొన్న ఆకు మీద అడ్డంగా ఒకే వరసలో చిల్లులు పడ్డాయంటే, ఆకు ఇంకా మొవ్వులో చుట్టుకుని ఉన్నప్పుడే పురుగు దాన్ని తొలిచిందని అర్థం. చుట్టలో పడిన ఒక్క రంధ్రమే ఆకు విచ్చుకున్నాక నాలుగైదు చిల్లుల వరసై కనిపిస్తుంది. మామూలు హైబ్రిడ్‌లో ఇది వింతేం కాదు. పురుగును చంపే ప్రోటీన్‌ను తానే తయారుచేసుకునే బీటీ మొక్కజొన్నలో మాత్రం ఈ వరస కనిపించకూడదు. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల పురుగు ఒకటి రెండు సార్లు కొరికేసరికే దాని పని అయిపోవాలి.

అలాంటిది దక్షిణాఫ్రికాలో, ప్యూర్టోరికోలో, బ్రెజిల్‌లో ఆ చిల్లులు కనిపించాయి. అమెరికాలోని అయోవాలో ఆకులు బాగానే ఉన్నాయి గానీ వేళ్లు తెగిపోయాయి. ఎక్కడ అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "రైతులు రెఫ్యూజీ వేయలేదు, అందుకే పురుగు తిరగబడింది." రెఫ్యూజీ అంటే మామూలు పురుగులు బతకడానికి బీటీ చేను పక్కన వేసే నాన్ బీటీ మొక్కజొన్న. ఆ జవాబు సగం నిజం. రెండో సగం విత్తనంలోనే, పురుగు నైజంలోనే ఉంది.

బీటీ మొక్కజొన్న అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన మొక్కజొన్న. అమెరికాలో 1996 నుంచి సాగులో ఉంది. ఆ జన్యువుతో మొక్క తయారుచేసుకునే క్రై అనే ప్రోటీన్ పురుగు పేగులోని క్షార గుణానికి కరిగి, అక్కడి ఎంజైముల వల్ల చురుకైన రూపానికి మారి, పేగు గోడ కణాల మీది రిసెప్టర్లకు అతుక్కుంటుంది. అతుక్కున్నచోట రంధ్రం చేస్తుంది. కణాలు ఉబ్బి పగులుతాయి, పురుగు తిండి మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. తాళానికి తాళంచెవి ఉన్నట్టు ఏ ప్రోటీన్‌కు తగిన రిసెప్టర్ దానికుంటుంది. ప్యూర్టోరికోలో ఆకులు తిన్న కత్తెర పురుగులో ఈ జతే చెడింది. ఏబీసీసీ2 అనే రిసెప్టర్ తాలూకు జన్యువులో రెండంటే రెండు డీఎన్‌ఏ అక్షరాలు అదనంగా చేరాయి. తాళం మారిపోయింది. ప్రోటీన్ పేగులోకి వెళ్తోంది, అతుక్కోవడానికి చోటు లేక బయటికి పోతోంది.

ఇలాంటి మార్పు ఉన్న పురుగులు బీటీ రాకముందు నుంచీ ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. బీటీ వాటిని పుట్టించదు, మిగతావాటిని చంపి వాటికి దారి వదులుతుంది. రెఫ్యూజీ పని ఆ దారి మూయడం. ఎలాగో తెలియాలంటే కాగితం మీద ఒక లెక్క వేసుకోవాలి.

తట్టుకునే జన్యువు వెయ్యికి ఒకటి ఉందనుకుందాం. ప్రతి పురుగుకూ ఏ జన్యువైనా రెండు కాపీల్లో ఉంటుంది: ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. బీటీ చేలో 10 లక్షల పిల్ల పురుగులు పుడితే రెండు కాపీలూ తట్టుకునేవి ఉన్న పురుగు ఒక్కటే ఉంటుంది. ఒక కాపీ మాత్రమే ఉన్నవి, వీటిని సంకర పురుగులు అందాం, 1,998 ఉంటాయి. అసలు కథ ఈ 1,998 చుట్టూనే తిరుగుతుంది. పక్కనే నాలుగో వంతు విస్తీర్ణంలో, అంటే మొత్తంలో 20 శాతంగా, నాన్ బీటీ ఉంది. అక్కడ రెండున్నర లక్షల పురుగులు బతికాయి. సహజంగా చచ్చేవి రెండువైపులా ఒకే దామాషాలో చస్తాయి కాబట్టి వాటిని పక్కన పెట్టేద్దాం.

మొదటి సందర్భం. బీటీ మోతాదు ఎంత ఎక్కువంటే సంకర పురుగులు కూడా చస్తాయి. బీటీ చేలో మిగిలింది ఒక్కటి. అది రెక్కల పురుగై జతకోసం చూస్తే చుట్టూ రెండున్నర లక్షల రెఫ్యూజీ పురుగులున్నాయి. దాదాపుగా వాటిలో ఒకదానితోనే జతకడుతుంది. వాటి పిల్లలన్నీ సంకరాలే, వచ్చే తరంలో బీటీ ఆకు తిని అవీ చస్తాయి. లెక్క చేసి చూస్తే జన్యువు 0.001 నుంచి 0.001004కి పెరిగింది. పెరగలేదనే అనుకోవచ్చు.

రెండో సందర్భం. సంకర పురుగులు బీటీ తిని కూడా బతుకుతాయి. రెఫ్యూజీ అంతే ఉంది, 20 శాతం, రైతు పద్ధతి ప్రకారమే వేశాడు. అయినా ఒక తరం తర్వాత జన్యువు 0.005. రెండో తరానికి 0.024. మూడో తరానికి 0.10. నాలుగో తరానికి 0.28. వెయ్యికి ఒకటి కాస్తా నాలుగు తరాల్లో నాలుగింట ఒకటి దాటింది, అదీ రెఫ్యూజీ పెట్టుకుని. ఏడాదికి రెండు తరాలు వచ్చే పురుగుకైతే ఇది రెండేళ్ల పని. అసలు పొలాల్లో ఇంత వేగంగా జరగదు, తట్టుకునే పురుగుకి వేరే నష్టాలుంటాయి, బయటి నుంచి పురుగులు వచ్చి కలుస్తుంటాయి. కానీ దిశ ఇదే.

అందుకే రెఫ్యూజీ పద్ధతి రాసినవాళ్లు "అధిక మోతాదు" అన్న షరతు పెట్టారు. మామూలు పురుగుల్లో నూటికి 99 చావడానికి ఎంత విషం కావాలో దానికి 25 రెట్లు మొక్కలో ఉండాలి. ఆ మోతాదుకు సంకర పురుగు కూడా నిలబడదని వాళ్ల ఊహ. దానికి తోడు తట్టుకునే జన్యువు అరుదుగా ఉండాలి, రెఫ్యూజీ పురుగులు సరైన సమయానికి, సరైన చోట బీటీ చేలో పురుగులను కలవాలి. వీటిలో ఏది తప్పినా రెఫ్యూజీ ఉన్నట్టే ఉంటుంది గానీ పని చేయదు.

దక్షిణాఫ్రికాలో తప్పినవి ఒకటి కాదు. అక్కడ మాన్810 అనే బీటీ రకం 1998లో వచ్చింది. దానిలో క్రై1ఏబీ అనే ఒక్క ప్రోటీన్ ఉంటుంది. దాని గురి బుస్సియోలా ఫుస్కా, ఆఫ్రికా కాండం తొలుచు పురుగు. మన మొక్కజొన్న, జొన్నల్లో కనిపించే కాండం తొలుచు పురుగుకు దూరపు చుట్టం లాంటిది: ఆకు తొడుగు వెనక గుడ్లు పెడుతుంది, పిల్లలు ముందు మొవ్వులో తిని తర్వాత కాండంలోకి దిగుతాయి, చలికాలమంతా కోసిన చేలో మొదళ్లలో నిద్రపోతాయి. రైతుకి రెండు దారులు ఇచ్చారు: 20 శాతం నాన్ బీటీ వేసి దానికి పురుగుమందు కొట్టుకోవచ్చు, లేదా 5 శాతం వేసి మందు కొట్టకుండా వదిలేయాలి. మొదటి దారిలో ఉన్న మెలిక చూడండి. రెఫ్యూజీ ఉన్నదే పురుగులను బతికించడానికి. దానిమీద మందు కొడితే అది పేరుకే రెఫ్యూజీ.

వాల్‌హార్ట్స్ అనే నీటిపారుదల ప్రాంతంలో తర్వాత చేసిన సర్వేలో, 1998లో రెఫ్యూజీ వేసినవాళ్లు 7.7 శాతం అని తేలింది. 2008కి అందరూ వేస్తున్నారు. మధ్యలో పదేళ్లు గడిచిపోయాయి. అటు క్రిస్టియానా ప్రాంతం బీటీ చేలల్లో పురుగు బతుకుతోందని 2007లో పత్రం వచ్చింది. బీటీకి కాండం తొలిచే పురుగు తట్టుకున్నట్టు పొలంలో దొరికిన మొదటి ఆధారాల్లో అదొకటి. నీటి కింద ఆలస్యంగా వేసిన పంట కావడంతో పురుగు ఒత్తిడి కూడా అక్కడ ఎక్కువ.

అసలు దెబ్బ 2013లో బయటపడింది. ఆ పురుగుల్ని మామూలు పురుగులతో జతకట్టించి పిల్లల్ని బీటీ మీద వదిలితే, అవి బతికాయి. అంటే తట్టుకునే గుణం ఒక్క కాపీతోనే పని చేస్తోంది. పైన వేసిన రెండో లెక్క ఇదే. ఇలాంటి చోట వాల్‌హార్ట్స్ రైతులు 1998 నుంచే నూటికి నూరుమంది 20 శాతం రెఫ్యూజీ వేసి ఉన్నా పురుగు కొన్నేళ్లు ఆలస్యంగా వచ్చేదేమో గానీ ఆగేది కాదు. తప్పంతా రైతు నెత్తిన వేయడం నాకు అందుకే నచ్చదు.

ప్యూర్టోరికో కథ వేరు. అక్కడ కత్తెర పురుగు మీదికి క్రై1ఎఫ్ ప్రోటీన్ ఉన్న టీసీ1507 రకం 2003లో వచ్చింది, 2006లోనే పురుగు లొంగడం మానేసింది, అమ్మకాలు ఆపేశారు. ఇక్కడ తట్టుకునే గుణానికి రెండు కాపీలూ కావాలి, అంటే ఆ ఒక్క విషయంలో లెక్క అనుకూలమే. కానీ కత్తెర పురుగుకు క్రై1ఎఫ్ అధిక మోతాదు కాదు. పైగా చిన్న ద్వీపం, చలికాలం లేదు, ఏడాది పొడవునా మొక్కజొన్న ఉంటుంది, తరాలు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వస్తాయి. బ్రెజిల్‌లోనూ ఇదే టీసీ1507 సాగుకొచ్చిన మూడేళ్లకే కత్తెర పురుగు ముందు చేతులెత్తేసింది. అక్కడ ఒక మొక్కజొన్న కోయగానే రెండో పంట మొక్కజొన్న పడుతుంది. ప్యూర్టోరికోలో ఏడాది పొడవునా ఉండే పంట చేసిన పనినే బ్రెజిల్‌లో ఈ రెండో పంట చేసింది.

అయోవాది ఇంకో రకం. అది గొంగళి పురుగు కాదు, పెంకు పురుగు. వెస్టర్న్ కార్న్ రూట్‌వార్మ్ అంటారు. దాని పిల్లలు మట్టిలో వేళ్లు తింటాయి, పెద్ద పురుగు ఆగస్టులో మొక్కజొన్న చేలోనే నేలలో గుడ్లు పెడుతుంది, ఏడాదికి ఒకే తరం. దానికోసం తెచ్చిన క్రై3బీబీ1 మొక్కజొన్న 2003లో వచ్చింది. అది మొదటి నుంచీ అధిక మోతాదు కాదు, మామూలు పిల్ల పురుగుల్లోనే కొన్ని బతికేసేవి. పైగా ఈ పెంకు పురుగులు చాలావరకు పుట్టిన చేలోనే జతకడతాయి. 2009లో దెబ్బతిన్న చేలనుంచి పురుగుల్ని తెచ్చి పరీక్షిస్తే తట్టుకునే గుణం తేలింది. ఆ చేలల్లో కనీసం మూడేళ్లుగా వరసగా అదే ప్రోటీన్ ఉన్న మొక్కజొన్నే వేశారు. మధ్యలో ఒక్క ఏడు సోయా వేస్తే పొదిగిన పిల్లలకి మొక్కజొన్న వేరు దొరక్క ఆకలితో చచ్చేవి. ఇల్లినాయ్ వైపు సోయా చేలో గుడ్లు పెట్టడం నేర్చుకున్న పురుగులూ ఉన్నాయి కాబట్టి అక్కడ అదీ పూర్తి విరుగుడు కాదు.

వేరు నష్టం కొలిచే పద్ధతి సులువు, అందరూ చేయదగ్గది. మొక్క చుట్టూ జానెడు మట్టితో సహా పెళ్లగించి, తొట్టిలో నీళ్లు పోసి నానబెట్టి, మట్టి పోయేదాకా కడగాలి. వేళ్లు కాండం చుట్టూ అంతస్తులుగా వస్తాయి. ఒక అంతస్తు వేళ్లన్నీ కాండం నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గర తెగిపోతే స్కోరు 1, మూడు అంతస్తులు పోతే 3, ఏమీ కాకపోతే 0. సగం అంతస్తుకి 0.5. ఒకే ప్రోటీన్ ఉన్న రకంలో 1 దాటితే, రెండు ప్రోటీన్లు ఉన్నదాంట్లో 0.5 దాటితే అమెరికాలో అనుమానించి విచారణ మొదలుపెడతారు. వేళ్లు పోయిన మొక్క గాలికి పడి, మళ్లీ లేవబోయి, బాతు మెడలా వంగి ఉంటుంది. అయితే పడిపోయిన ప్రతి మొక్కా పురుగు బాధితురాలు కాదు, గాలివానకీ పడతాయి. అందుకే తవ్వి చూడాలి.

స్పెయిన్ మాత్రం ఇప్పటిదాకా నిలబడింది. 1998 నుంచి బీటీ సాగవుతోంది, అక్కడి రెండు రకాల కాండం తొలుచు పురుగులూ పొలంలో లొంగే ఉన్నాయి. అయిదు హెక్టార్లు దాటితే 20 శాతం రెఫ్యూజీ వేయాలి. నియమం మిగతా దేశాల లాంటిదే. ఆ పురుగులకు క్రై1ఏబీ నిజంగా అధిక మోతాదు, తేడా అదే. ఆ రెంటిలో ఒకటైన యూరోపియన్ కాండం తొలుచు పురుగే కెనడాలోని నోవాస్కోషియాలో 2018లో క్రై1ఎఫ్‌ను గెలిచింది.

ఇక రెఫ్యూజీ గింజల్ని బీటీ గింజల సంచీలోనే కలిపేసి అమ్మే పద్ధతి. అమెరికాలో రెండు మూడు ప్రోటీన్లు కలిపిన రకాలకి 5 శాతం నాన్ బీటీ గింజలు సంచీలోనే వస్తాయి. రైతు మర్చిపోయే ప్రశ్న లేదు, అది మంచిదే. కానీ రెండు చిక్కులున్నాయి. పిల్ల పురుగు ఒక మొక్క మీద ఉండిపోదు. నాన్ బీటీ మొక్క మీద పెరిగి కాస్త పెద్దదయ్యాక పక్క బీటీ మొక్క మీదికి వెళ్తే, దానికి అది అధిక మోతాదు కాదు, మధ్యరకం మోతాదు. రెండోది కండె దగ్గర వస్తుంది. బీటీ హైబ్రిడ్‌లో జన్యువు ఒక కాపీయే ఉంటుంది కాబట్టి దాని పుప్పొడిలో సగానికి బీటీ ఉంటుంది. ఆ పుప్పొడి నాన్ బీటీ మొక్క పీచు మీద పడితే, ఆ కండెలో సగం గింజలు బీటీ, సగం కావు. కండె తినే పురుగుకి ఒక గింజ విషం, పక్క గింజ భోజనం. సంకర పురుగులు పైకి రావడానికి ఇంతకంటే మంచి బడి ఇంకోటి లేదు. కాండం తొలిచే పురుగులకు కలిపిన సంచీ ఫరవాలేదు. కండె తినే పురుగు ఉన్నచోట విడిగా వేసిన రెఫ్యూజీనే నమ్ముతాను.

ఈ గింజల లెక్క మనకి కొత్త కాదు. మన పత్తి బీటీ రకాలు దాదాపు అన్నీ హైబ్రిడ్లే కాబట్టి ఒకే కాయలోని గింజల్లో జన్యువు కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. గులాబీ రంగు పురుగు ఉండేదే ఆ కాయలో, తినేదే ఆ గింజ. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఎన్ని ఊళ్లలో చెత్తకుప్ప చేరిందో అందరికీ తెలిసిందే. 2002లో వచ్చిన క్రై1ఏసీని గుజరాత్‌లో ఆ పురుగు 2010 నాటికే తట్టుకుంది, 2006లో వచ్చిన రెండు జన్యువుల రకమూ తర్వాత నిలవలేదు. అయితే పొట్లం పారేయడంతో పాటు కాయలోని ఈ గింజల మిశ్రమమూ దానికి సాయం చేసింది.

బీటీ చేలో పురుగు కనిపించగానే "తట్టుకుంది" అనేయడం కూడా తప్పే. ముందు పురుగు ఏదో చూడాలి. క్రై1ఏబీ కత్తెర పురుగుని పూర్తిగా చంపదు, చంపకపోవడం దానిలో కొత్త గుణం కాదు. తర్వాత మొక్క బీటీయేనా అని చూడాలి. దానికి పట్టీ పరీక్ష ఉంది. గోరంత లేత ఆకు ముక్క చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వేసి, కిట్‌తో వచ్చిన ద్రవం అరమిల్లీ దాకా పోసి, పుల్లతో నూరి, పట్టీ ముంచి అయిదు పది నిమిషాలు ఆగాలి. రెండు గీతలు వస్తే బీటీ ఉంది, పైగీత ఒక్కటే వస్తే లేదు, ఏ గీతా రాకపోతే పట్టీ పాడైంది, ఇంకోటి తీయాలి. పురుగు పట్టిన మొక్కలకూ, పట్టని మొక్కలకూ విడివిడిగా చేయాలి. పట్టినవన్నీ ఒక గీతే చూపిస్తే అది విత్తనం సంగతి. ఇంట్లో దాచిన హైబ్రిడ్ గింజ విత్తితే ఒకే జన్యువున్న రకంలో నాలుగింట ఒక మొక్కకి బీటీ ఉండదు, చేను నిండా పురుగే అనిపిస్తుంది.

పెద్ద పురుగుల్ని ఏరి బీటీ ఆకు పెట్టి, చావలేదు కాబట్టి తట్టుకున్నాయనడం ఎక్కువగా జరిగే పొరపాటు. పెద్ద పురుగు ఎలాగూ అంత తేలిగ్గా చావదు, గట్టు మీది గడ్డిలో పెరిగి వచ్చి ఉండొచ్చు. సరైన పద్ధతి నిదానమైనది. చేలో దూరదూరంగా ఉన్న చాలా మొక్కల నుంచి కనీసం వంద పురుగులు ఏరాలి, ఒకే మొక్కవైతే అన్నీ ఒకే తల్లి పిల్లలు. కత్తెర పురుగైతే ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో పెట్టాలి, లేకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. నాన్ బీటీ తిండి మీద పెంచి, ప్యూపాలు చేసి, రెక్కల పురుగులు జతకట్టి గుడ్లు పెట్టాక, పొదిగిన ఒక్క రోజులోపు పిల్లల్ని బీటీ ఆకు మీద, పక్కన నాన్ బీటీ ఆకు మీద వదలాలి. ఏళ్లుగా ల్యాబులో పెరుగుతున్న మామూలు పురుగుల్ని కూడా పోలికకు పెట్టాలి. ఏడు రోజుల తర్వాత చచ్చినవాటితో పాటు, బతికే ఉన్నా మొదటి దశ దాటనివాటినీ చచ్చినవాటిలోనే వేస్తారు, ఎందుకంటే అవి పొలంలో మిగలవు.

నిజంగానే తట్టుకుందని తేలితే ఆ చేలో అదే ప్రోటీన్ ఉన్న ఏ రకమూ మళ్లీ వేయకూడదు. పేరు మారినంత మాత్రాన ప్రోటీన్ మారదు. క్రై1ఎఫ్‌ని గెలిచిన కత్తెర పురుగుకి క్రై1ఏ.105 అనే ఇంకో ప్రోటీన్ చాలావరకు పాత చుట్టమే, రెండిటికీ అదే తాళం. అలాగే క్రై3బీబీ1ని గెలిచిన రూట్‌వార్మ్‌కి ఎమ్‌క్రై3ఏ. వీఐపీ3ఏ అనే మరో బీటీ ప్రోటీన్ మాత్రం వేరే తాళం వాడుతుంది. కోత కాగానే మొదళ్లు దున్ని పైకి తేవాలి, కాండం తొలిచే పురుగు నిద్రపోయేది అక్కడే. బతికిన పిల్లలకి మందు కొట్టాలంటే మొవ్వులోకి పడేలా, అవి చిన్నగా ఉండగానే కొట్టాలి, కాండంలోకి దిగాక మందు అందదు.

మన దేశంలో బీటీ మొక్కజొన్న సాగుకి అనుమతి లేదు. కత్తెర పురుగు మాత్రం 2018లో కర్ణాటకలో కనిపించి, అదే ఏడాది తెలంగాణ, ఆంధ్ర చేలకి చేరింది. దానికి ఇక్కడా చలికాలపు సెలవు లేదు, వానాకాలం మొక్కజొన్న అయ్యాక యాసంగి మొక్కజొన్న సిద్ధంగా ఉంటుంది. బ్రెజిల్ పరిస్థితి మన ముంగిట్లోనే ఉందన్నమాట. రేపెప్పుడైనా దానికోసం బీటీ మొక్కజొన్న మన దుకాణాల్లోకి వస్తే, నేను మొదట చూసేది సంచీ మీది బొమ్మని కాదు, లోపలున్న ప్రోటీన్ పేర్లని. క్రై1ఎఫ్ ఒక్కటే ఉంటే వద్దంటాను. క్రై1ఎఫ్, క్రై1ఏ.105 రెండూ ఉన్నాయని చెప్పినా ఒకటిగానే లెక్కేస్తాను. వీఐపీ3ఏ ఉంటే, ఇక్కడి చేలల్లో పట్టిన కత్తెర పురుగుల సంకర పిల్లల మీద దాన్ని పరీక్షించారా అని అడుగుతాను. ఆ తర్వాత నాన్ బీటీ గింజలు సంచీలో కలిపారా, విడి పొట్లంలో ఇచ్చారా అని చూస్తాను.